ఒక్క రోజు తేడా... ఎంత పని చేసింది!

గోడకు క్యాలెండరు, దానికి దారంతో వేలాడే పెన్సిలు... మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పాలు రాని రోజున సున్నా, గ్యాసు బండ వచ్చిన రోజున గీత, చీటీ కట్టాల్సిన తేదీ చుట్టూ గుండ్రం. పదిహేనేళ్ళు నా సంసారం ఆ పెన్సిలు మీదే నడిచింది. ఒక్క తేదీ తప్పింది లేదు. పెన్సిలు పక్కన పెట్టి ఫోనూ, కంప్యూటరూ చేతికి తీసుకున్నాకే తప్పింది. తప్పడం అంటే అలాంటిలాంటి తప్పడం కాదు, పదిమంది ముందు తల వంచుకునేలా!

అలాగని యంత్రాల మీద చాడీలు చెప్పడానికి కూర్చోలేదు నేను. అది ఎందుకు జరిగిందో తెలుసుకున్నాను, సరిచేసుకున్నాను. ఇంటి పద్దులు, పిల్లల ఫీజులు, మందుల తేదీలు ఫోన్లో రాసుకునే ఆడవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు కదా. నాకు జరిగింది మీకు జరగకూడదని ఈ నాలుగు మాటలు.

అరుగు మీద ఎదురుచూపులు

మాది అనంతపురం జిల్లా శింగనమల. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే జిల్లా. వాన పదునైందంటే చాలు, శెనక్కాయ విత్తనానికి ఊరు ఊరంతా చేలల్లోనే ఉంటుంది. మా పొదుపు సంఘంలో పదిమందిమి. డ్వాక్రా పథకం మొదలైంది 1982లో. ఆ తరవాత ఎన్ని పేర్లు మారినా మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ డ్వాక్రా సంఘమే. డిగ్రీ చదివానని పద్దు రాసే పని నాకు అప్పగించారు.

2025 జనవరిలో మా తమ్ముడు డల్లాస్ నుంచి సంక్రాంతికి వచ్చాడు. తను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టి, "అక్కా, కథలు రాసుకో, సంఘం లెక్కలూ రాసుకో. ఇందులో రాసింది ఫోన్లోకి, ఫోన్లో రాసింది ఇందులోకి దానంతటదే వస్తుంది" అన్నాడు. దీన్నే సింక్ అంటారు. పాలవాడి పుస్తకం, మన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని లెక్క ఒకటి చేసుకుంటాం చూడండి... అలాంటిదే.

వాడు విమానం ఎక్కాక చూస్తే ల్యాప్‌టాప్ గడియారం తప్పుగా ఉంది. ఇక్కడ పొద్దున ఎనిమిదయితే అందులో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర! ఓస్ ఇంతేగా అనుకుని, గోడ గడియారం ముల్లు తిప్పినట్టు పదకొండున్నర గంటలు ముందుకు జరిపేశాను. మార్చిలో ఒక ఆదివారం చూస్తే అది మళ్ళీ గంట ముందుంది. మళ్ళీ వెనక్కి జరిపాను. ఎందుకిలా అవుతోందని ఒక్కసారైనా ఆలోచించానా? లేదు.

జులై వచ్చింది. 10వ తేదీ గురువారం రాత్రి ఏడు గంటలకు సంఘం సమావేశం. అందరి దగ్గరా డబ్బు పోగుచేసి, మర్నాడు శుక్రవారం బ్యాంకులో కంతు కట్టాలి. అదే ఆఖరి తేదీ. ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా రాసి పెట్టుకున్నాను.

ఫోన్లో చూసుకుంటే సమావేశం 11న అని ఉంది. పక్కన టైము కూడా ఉంది, కానీ చేయాల్సిన పనులు ఇరవై ఉన్నప్పుడు తేదీ మీద పడ్డ కన్ను టైము దాకా పోదు. సరే, శుక్రవారం కదా అనుకుని గురువారం మా అత్తమ్మను కంటి పరీక్షకు అనంతపురం తీసుకెళ్ళాను. తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

గుడి అరుగు దగ్గర మా సంఘం రెండో లీడరక్క ఒక్కతే కూర్చుని ఉంది. "యాడికి పోయింటివి మ్మా? పొద్దుగూకేదాకా విత్తనం ఏసి, కాళ్ళు కడుక్కోకుండానే వచ్చినారు అందరూ. నీకు ఫోను చేస్తే కలవకపాయ. చూసి చూసి పోయినారు" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది!

తెల్లవారుజామున అయిదున్నరకు ఫోను గణగణా మోగింది. 'సంఘం సమావేశం' అట! లేచి పరుగెత్తితే సగం మంది అప్పటికే చేలకు వెళ్ళిపోయారు. సాయంత్రం అందరి డబ్బూ చేతికి వచ్చేసరికి బ్యాంకు మూసేశారు. మర్నాడు రెండో శనివారం. ఆపైన ఆదివారం. సోమవారం, అంటే 14న కట్టాం. మూడు రోజుల ఆలస్యపు వడ్డీ నా సొంత డబ్బుతో కట్టాను, అది పెద్ద మొత్తమేం కాదు. కానీ గడువు తప్పకుండా కట్టే సంఘాలకే వడ్డీ రాయితీ అని మాకందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఒక్క కంతూ తప్పని మా పుస్తకంలో ఆ మచ్చ నా చేతి మీదుగా పడింది. "సదువుకున్న పిల్ల రాస్తాంది, తప్పు పోదు" అన్న వాళ్ళ నమ్మకం మీద కూడా పడింది. నాకు నిద్రపట్టకుండా చేసింది అదే.

"అది ఇంకా డల్లాస్‌లోనే ఉందక్కా!"

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వాడు ఒకే ప్రశ్న వేశాడు. "గడియారం మార్చావు సరే, ఊరు మార్చావా?"

గడియారానికి ఊరేమిటి అనుకున్నాను. వాడు చెప్పింది ఇదీ. ప్రతి కంప్యూటర్లోనూ, ఫోన్లోనూ టైముతో పాటు 'టైమ్ జోన్' అని ఒకటి ఉంటుంది. అంటే నువ్వు ఏ దేశపు కాలంలో ఉన్నావన్నది. పనిని దాచుకునేటప్పుడు చాలా యంత్రాలు మన టైమును అలాగే దాచవు. ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే ఒక కాలంలోకి మార్చి దాస్తాయి. దాని పేరు యూటీసీ. మన కాలం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. వేసవిలో డల్లాస్ కాలం దానికన్నా అయిదు గంటలు వెనక. రెంటికీ తేడా పదిన్నర గంటలు.

ఇప్పుడు లెక్క చూడండి. నేను రాసిన 'గురువారం రాత్రి 7'ను ల్యాప్‌టాప్ 'డల్లాస్‌లో గురువారం రాత్రి 7' అనుకుంది. దానికి పదిన్నర గంటలు కలిపితే మనకు శుక్రవారం తెల్లవారుజాము 5.30! ఫోను చెప్పింది అక్షరాలా అదే. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక పెట్టుకున్న ప్రతి పనీ మర్నాటికి దూకింది. పొద్దుటి పనులు తారీకు మారలేదు గానీ గంటలు మారాయి. అందుకే కొన్ని ఒప్పుగా, కొన్ని తప్పుగా కనబడి నన్ను తికమక పెట్టాయి.

ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు వెళ్ళినవి దీనికి తలకిందులు. మా అమ్మాయి పుట్టినరోజు 21 అని ఫోన్లో రాస్తే, ల్యాప్‌టాప్‌లో 20 అని కనబడేది. టైము లేకుండా ఉత్త తేదీ రాస్తే కొన్ని ప్రోగ్రాములు దాన్ని ఆ రోజు అర్ధరాత్రి పన్నెండు గంటలుగా లెక్కేసుకుంటాయి. మన 21వ తేదీ అర్ధరాత్రి డల్లాస్‌లో ఇంకా 20వ తేదీ మధ్యాహ్నం ఒకటిన్నరే కదా!

మార్చిలో గడియారం గంట ముందుకు ఎందుకు పరిగెత్తిందో కూడా అప్పుడే తెలిసింది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. మనకా పద్ధతి లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొన్నాళ్ళు జరిపారు. శింగనమల మిద్దెలో కూర్చుని నా ల్యాప్‌టాప్ అమెరికా ఆచారం పాటించిందన్నమాట!

ఇంకో సంగతి. ఫోన్లో ఏదైనా దిద్దితే కాసేపటికి మళ్ళీ పాత తేదీయే వచ్చి కూర్చునేది. రెండుచోట్లా వేర్వేరు తేదీలు ఉన్నప్పుడు ఏది చివర రాశారో చూసి దాన్నే ఉంచుకునే పద్ధతి కొన్నింటిలో ఉంటుంది. నేను ముల్లు తిప్పడం వల్ల నా ల్యాప్‌టాప్ లెక్కలో అది రాసిన ప్రతిదీ పదిన్నర గంటలు భవిష్యత్తులో రాసినట్టు. ఇక ఫోను మాట ఎక్కడ చెల్లుతుంది?

పంచాంగం మనకెప్పుడో చెప్పింది

ఇదంతా విని మా అత్తమ్మ ఏమందో తెలుసా? "ఇందులో తెలీకపోవడానికేముంది! వాళ్ళకు చవితి ఒగరోజు, మనకు ఒగరోజు వస్తాండ్లేదా?"

నిజమే! తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే. కానీ ఆ క్షణంలో మనకు పొద్దున అయితే, డల్లాస్‌లో ముందురోజు రాత్రి. అందుకే అక్కడి తెలుగువాళ్ళు తాముండే ఊరికి గుణించిన పంచాంగం చూసుకుంటారు. కొన్ని పండుగలు వాళ్ళు మనకన్నా ఒకరోజు ముందే చేసుకుంటారు. ఊరు చెప్పకుండా తిథి చెప్పలేం. యంత్రానికీ అంతే, ఊరు చెప్పకుండా తేదీ చెప్పలేం.

అసలు ఈ ఒక్క దేశపు కాలమూ మనకు మొదటినుంచీ లేదు. వాషింగ్టన్‌లో 1884లో దేశాల సమావేశం జరిగి, గ్రీనిచ్ నుంచి రేఖాంశాలు లెక్కపెట్టాలని నిర్ణయించారు. అప్పట్లో మా జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు. కలకత్తాకు వేరే టైము, బొంబాయికి వేరే టైము. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ అయిదున్నర గంటల కాలం వచ్చింది. అది 82½ డిగ్రీల రేఖాంశం లెక్క. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. ఆ లెక్కన కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చాక దాదాపు పద్దెనిమిది నిమిషాలకు గానీ మా శింగనమల నడినెత్తికి రాడు. అయినా ఇద్దరి గడియారాలూ ఒకటే చెబుతాయి. కలిసి బతకడానికి అందరం ఒప్పుకున్న ఒప్పందం అది. నా ఇంట్లో రెండు యంత్రాల మధ్య ఆ ఒప్పందం కుదరలేదు, అంతే.

రోగం ఏదో గుర్తుపట్టండి

తేదీ తప్పగానే ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకుంటూ కూర్చోకండి. నేను అదే చేసి వారం రోజులు వృథా చేసుకున్నాను. తప్పు ఎలా ఉందో చూస్తే కారణం దొరుకుతుంది.

ఒకరోజు ముందుకో వెనక్కో జరిగినా, గంటలతో పాటు అరగంట తేడా కనబడినా... అది టైమ్ జోన్. మన కాలానికి ఆ అరగంటే పుట్టుమచ్చ.

ఆగస్టు 5 కాస్తా మే 8 అయిందా? అది తేదీ రాసే వరస. మనం రోజు ముందు, నెల తరవాత రాస్తాం. అమెరికాలో నెల ముందు, రోజు తరవాత. సంఘం పట్టికను ల్యాప్‌టాప్‌లో తెరిచినప్పుడు నాకిదీ జరిగింది. 12వ తేదీ లోపలివన్నీ తారుమారయ్యాయి. 13 నుంచి పైవి మాత్రం మారలేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు కదా! లెక్కల పట్టికల్లో యంత్రానికి అర్థమైన తేదీ మామూలుగా గడిలో కుడివైపుకు జరుగుతుంది. అర్థం కానిది ఉత్త అక్షరాల్లా ఎడమవైపు ఉండిపోతుంది. అటూ ఇటూ కలిసి ఉన్నాయంటే అనుమానించండి.

1970 జనవరి 1 అని కనబడితే కంగారు పడకండి. చాలా యంత్రాలు కాలాన్ని ఆ రోజు నుంచే లెక్కపెడతాయి. తేదీ ఖాళీగా ఉంటే అది సున్నా అనుకుని, ఆ రోజును చూపిస్తాయి.

సరిగ్గా నాలుగేళ్ళ ఒక రోజు తేడా వస్తే పట్టికల గొడవ. ఎక్సెల్‌లో రోజులు 1900 నుంచి లెక్కపెట్టే పద్ధతి ఒకటి, 1904 నుంచి లెక్కపెట్టేది ఇంకొకటి. ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి తేదీలు దించేటప్పుడు ఈ రెండూ కలిస్తే 1,462 రోజులు తేడా పడుతుంది.

ఇక వైద్యం

తమ్ముడు ఫోన్లో చెబుతుంటే, మా అమ్మాయి పక్కన కూర్చుని చేయిస్తే, ఒక ఆదివారం మధ్యాహ్నంలో అయిపోయింది. వరసగా చెబుతాను, కాగితం మీద రాసుకోండి.

1. ముందు సింక్ ఆపేయండి. లేకపోతే ఇటు దిద్దుతుంటే అటు చెడిపోతూ ఉంటుంది.

2. ఉన్నదున్నట్టు ఒక నకలు తీసి దాచండి. ముఖ్యమైన తేదీలు పుస్తకంలో కూడా ఎక్కించండి.

3. కంప్యూటర్లో ఊరు మార్చండి. విండోస్ అయితే సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'డేట్ అండ్ టైమ్'. టైమ్ జోన్ దగ్గర 'యూటీసీ+05:30 చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అన్నది ఎంచుకోండి. టైము తనంతట తానే సరిచేసుకునే మీట వేసేయండి. ఇక చేత్తో ముల్లు తిప్పకండి.

4. ఫోన్లో కూడా తేదీ, సమయం సెట్టింగుల్లోకి వెళ్ళి టైమ్ జోన్ ఇండియా అని ఉందో లేదో చూడండి.

5. మూడోది చాలామంది మరిచిపోతారు. గూగుల్ క్యాలెండర్ లాంటి వాటికి విడిగా తమ టైమ్ జోన్ ఉంటుంది. దాని సెట్టింగుల్లో అదీ మన కాలమే కావాలి. మూడూ ఒకే మాట మీద ఉన్నప్పుడే తేదీ నిలుస్తుంది.

6. కంప్యూటర్లో 'రీజియన్' దగ్గర ఇంగ్లీష్ (ఇండియా) పెట్టండి. రోజు, నెల, సంవత్సరం మన వరసలోకి వస్తాయి. పట్టికలు ఒకరికొకరు పంపుకునేటప్పుడు మాత్రం సంవత్సరం, నెల, రోజు వరసలో 2025-08-05 అని రాయడం మేలు. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం అది. అలా రాస్తే ఏ దేశంలోనూ రెండర్థాలు రావు.

7. ఇప్పుడు పరీక్ష. టైము లేకుండా ఒక పని, రాత్రి 11.30కు ఒక పని రాయండి. సింక్ చేసి రెండోచోట చూడండి. తరవాత అక్కణ్ణుంచి ఇక్కడికీ అలాగే చేయండి. రెండు దిక్కులా సరిగ్గా వస్తేనే మిగతావాటి జోలికి వెళ్ళండి.

8. పాత తప్పులు పుస్తకం చూసి దిద్దండి. ప్రతినెలా తిరిగొచ్చే కంతులు, మందులు లాంటివి తీసేసి కొత్తగా రాయడమే నయం. తిరిగొచ్చే పనుల్లో అవి పుట్టినచోటి టైమ్ జోన్ దాగి ఉండవచ్చు. పైపైన దిద్దితే మళ్ళీ మొలుస్తుంది.

చివరగా ఇంకొక్క మాట. పని రాసేటప్పుడే ఆలోచించండి, ఇది గంటకు జరిగేదా, రోజుకు సంబంధించినదా అని. తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడటం, రైలు ఎక్కడం గంట పనులు. వాటికి టైము తప్పనిసరి. పుట్టినరోజు, ఫీజు గడువు, కంతు ఉత్త తేదీలు. వాటికి టైము పెట్టకుండా 'రోజంతా' అన్నదే ఎంచుకోండి. గడువున్న పనిని ఆఖరి రోజున కాకుండా రెండు రోజులు ముందే రాసుకోండి. యంత్రం తప్పినా మనకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది.

మళ్ళీ అరుగు మీద

తరవాతి సమావేశానికి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్ళాను. దాచుకోవడం నాకు చేతకాదు. డల్లాస్ ఎక్కడుందో, మనమెక్కడున్నామో, ఆ 7 గంటలు 5.30 ఎలా అయిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. "తప్పు దీనిది కాదు, చూసుకోనిది నేను" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో అందరికన్నా పెద్దామె, వేలిముద్ర మనిషి, తల ఊపి అంది. "కొత్త కోడలట్లాది మ్మా అది. వచ్చినాళ్ళ దాకా పుట్టింటి పద్ధతే జరుపుతాది. మన ఇంటి పద్ధతి మనం చెప్పల్ల గదా!"

ఎన్ని గంటలు కష్టపడినా అంత చక్కటి మాట నాకు తట్టేది కాదు. అందరూ నవ్వేశారు. ఆ నవ్వుతో నా గుండె మీది బరువు కొంత దిగింది. కొంతే లెండి. పుస్తకంలో మచ్చ ఉండనే ఉంది, దాన్ని ఏ సెట్టింగూ చెరపలేదు. ఆ తరవాత ప్రతి కంతూ గడువుకు ముందే కడుతున్నాం.

ఇప్పుడు నెల మొదట్లో రెండో లీడరక్క మా ఇంటికి వస్తుంది. నేను ఫోన్లో తేదీలు చదువుతాను, ఆమె గోడ క్యాలెండరు మీద వేలు పెట్టి చూస్తుంది. రెండూ కలిస్తే దారానికి వేలాడే ఆ పాత పెన్సిలు తీసి గుండ్రం చుడుతుంది. అదీ మా అసలైన సింక్!

మీ ఫోనూ, కంప్యూటరూ ఏ ఊళ్ళో ఉన్నాయో ఈ పూటే ఒకసారి చూసుకోండి మరి.